మునక

వమరవల్లి ట్రైనింగులో ఐదు రోజులు కూర్చుని
ఒక ప్లాస్టిక్ ఫైలూ, ఒక పద్ధతీ తెచ్చుకున్నాను.
గడప దాటింది మొదలు గంట కొట్టేదాకా
తెలుగు ముక్క పలకకూడదు.
పిల్లల్ని ఇంగ్లీషులో ముంచేయాలి.
నిమజ్జనం అన్నారు.
వినాయకుడు గుర్తొచ్చాడు గానీ,
ముంచాక ఆయన మళ్లీ లేవడు కదండీ అని
చెయ్యెత్తి అడగలేకపోయాను.

మందస హైస్కూలు, తొమ్మిది బి, నలభై మూడు మంది.
సోమవారం నవ్వారు.
మంగళవారం నేను నోరు తెరవగానే
వెనక బెంచీలోంచి దున్న భానోజీ
ఇంటిపేరు నిలబెడుతూ రంకె వేశాడు.
బుధవారం ఎవరూ ఏమీ అనలేదు.
జీడిపిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడ్డ వేళ్లు
బల్లల మీద వరసగా పెట్టి
అలిగిన మగపెళ్లివారిలా
గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

కప్పలా గెంతాను. వేళ్లతో వాన కురిపించాను.
డోర్, డోర్ అంటూ తలుపుని ఎన్నిసార్లు తెరిచి మూశానో,
పై బందు ఊడిపోయింది.
హెడ్మాస్టారు తొంగిచూసి
ఒంట్లో బాగోలేదామ్మా అని అడిగారు.
ఆయనకీ ఇంగ్లీషులోనే జవాబిచ్చాను.

గురువారం, నేను రాకముందే, బోర్డు మీద:
"తెలుగుల సెప్పండి మేడం. మాం మడుసులం."
డస్టరు ఎత్తి
'మడుసులం' దగ్గర ఆగిపోయాను.
ఎవరు రాశారని అడిగాను, ఇంగ్లీషులో.
అర్థం కాలేదనే సాకు
నేనే వాళ్ల చేతికిచ్చాను.

గంట కొట్టాక బోరింగు దగ్గర
సవర ఇందుమతి నిలబడి ఉంది.
కొండమీది గూడెం నుంచి దిగొచ్చే పిల్ల.
నోట్సులో ముత్యాలు, నోట్లో మౌనం.
నా సుద్ద చేతులకి బోరింగు కొడుతూ
ఆ చప్పుడులో కలిపేసి అంది:

"నానొకపాలి ములిగీసినాను మేడం.
ఒకటో తరగతిల. మా మాట బడిల ఎవులికీ రాదు.
నీల్లు కావాలని తెలుగుల అడగడం రాక
మద్దినేల దాకా దాహం ఓర్సుకునీదాన్ని.
దానికో పద్దతి ఉందనీ, పేరుందనీ తెల్దు.
ఈల్లకి ఇదే మొదులు, గోల సేత్తన్నారు.
నాకలవాటే. మీరు కానీయండి."

మీరు కానీయండి.
భానోజీ రంకె ఎంతో నయం.

మర్నాడు సుద్దముక్క ఆ పిల్లకిచ్చి
భానోజీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను.
పావుగంటసేపు ఆమె భాష తప్ప ఇంకోటి లేదు.
నీళ్ల సీసా ఎత్తి చూపించి ఒక మాట అంది.
చివర గొంతులోనే తెగిపోయే శబ్దం.
నా గుణింతాలకి అందదు గనక ఇక్కడ రాయను.
భానోజీకి మూడోసారికి వచ్చేసింది.
నాకు రాలేదు.
మళ్లీ అంది. మళ్లీ రాలేదు.
మెడ వెనక చెమట. అందరి కళ్లూ నా నోటి మీద.
"తెలుగులో చెప్పమ్మా" అనేశాను,
నాకు తెలియకుండానే.

"నో తెలుగు మేడం!"
బెంచీలు అదిరిపోయాయి.
అది తొమ్మిది బి మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యం.

ఇందుమతి మాత్రం నవ్వలేదు.
మూత తీసి సీసా నా చేతికిచ్చింది,
మాట రాకపోయినా.

పద్ధతి మానలేదు.
ఈత నేర్చే పిల్లల నడుముకి కట్టే ఎండు సొరబుర్రల్లా
పీరియడుకి తలా మూడు తెలుగు మాటలు ఇస్తున్నాను.
భానోజీ మూడూ మొదటి ఐదు నిమిషాల్లో ఖర్చుపెట్టేసి
పక్కవాడి దగ్గర అప్పు చేస్తాడు.
నీళ్లకి మాత్రం ఏ భాషైనా చెల్లుతుందని
బోర్డు మూలన రాసి ఉంచాం, తుడవం.
కొందరు ఇంకా గోడకేసే చూస్తారు.
ఆ మాట నాకింకా రాలేదు.
తలుపు బందు వేయించాలి.